డిస్కు పేరు నిలకడగా ఉండాలంటే

లినక్స్‌తో నడిచే ఒక ఫొటో స్టూడియో కంప్యూటర్‌ని ఊహించుకోండి. దానికి ఒకే కంపెనీవి, ఒకే సైజువి రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు తగిలించి ఉన్నాయి. ఒకదానిలో అసలు ఫొటోలు, ఇంకోదానిలో వాటి నకలు. రోజూ రాత్రి ఒక స్క్రిప్టు నడుస్తుంది. ఎస్‌డీబీ అనే డిస్కులో ఉన్నవాటిని ఎస్‌డీసీలోకి ఎక్కిస్తుంది. ఎస్‌డీబీలో లేనివి ఎస్‌డీసీలో కనబడితే తుడిచేస్తుంది. ఆర్‌సింక్ ప్రోగ్రాముకు 'డిలీట్' ఆప్షన్ ఇచ్చి బ్యాకప్ తీసేవాళ్లు చాలామంది చేసే పనే ఇది.

ఓ సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్ మళ్లీ లేచేటప్పుడు నకలు ఉన్న డిస్కు ముందుగా పలికింది. ఎస్‌డీబీ అనే పేరు దానికి పోయింది, అసలు డిస్కు ఎస్‌డీసీ అయింది. ఆ రాత్రి స్క్రిప్టు చెప్పింది చెప్పినట్టే చేసింది. 'ఎస్‌డీబీలో లేనివి' అంటే ఇప్పుడు నకలులో లేనివి కాబట్టి, వాటన్నిటినీ అసలు డిస్కులోంచి తుడిచేసింది. ఆ పగలు కెమెరాలోంచి ఎక్కించిన పెళ్లి ఫొటోలు ఇంకా నకలు కాలేదు. అవి ఇక ఏ డిస్కులోనూ లేవు.

రెండు డిస్కులూ బాగానే ఉన్నాయి, ప్రోగ్రామూ బాగానే ఉంది. చెడ్డదల్లా పేరుకీ డిస్కుకీ మధ్య ఉన్న సంబంధం. ఫార్మాట్ చేసే ఎంకేఎఫ్‌ఎస్, డిస్కు మొత్తాన్ని తిరగరాసే డీడీ లాంటి కమాండ్లకు కూడా మనం ఇచ్చేది ఈ పేరే. అది ఎక్కడికి చూపిస్తే అక్కడ రాసేస్తాయి. అందుకే డిస్కులకు నిలకడైన పేర్లు ఎలా వస్తాయో, ఎలా పెట్టుకోవాలో సర్వర్లు చూసే ఇంజినీర్లతో పాటు ఇంట్లో ఒక పాత కంప్యూటర్‌ని బ్యాకప్‌కి వాడుకునేవాళ్లకూ తెలియాలి. ఇది కష్టమైన విద్యేమీ కాదు. ఒక్క ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పుకుంటే మిగతాదంతా దాని వెంటే వస్తుంది: ఈ పేరు దేన్ని అంటిపెట్టుకుని ఉండాలి? డిస్కునా, అందులోని డేటానా, లేక అది తగిలించిన చోటునా?

అక్షరం ఎక్కడినుంచి వస్తుంది

లినక్స్‌లో ప్రతి డిస్కుకూ 'డెవ్' అనే డైరెక్టరీలో ఒక ఫైలు ఉంటుంది. శాటా డిస్కులు, యూఎస్‌బీ డిస్కులు, పెన్‌డ్రైవ్‌లు అన్నీ 'ఎస్‌డీ' కుటుంబంలోకే వస్తాయి. కెర్నెల్‌కు మొదట దొరికినది ఎస్‌డీఏ, తర్వాతది ఎస్‌డీబీ, ఆ తర్వాతది ఎస్‌డీసీ. ఎస్‌డీజెడ్ దాకా వెళ్లాక ఎస్‌డీఏఏ మొదలవుతుంది. పార్టిషన్ అయితే చివర అంకె చేరుతుంది: ఎస్‌డీబీ1, ఎస్‌డీబీ2.

ఆ అక్షరంలో డిస్కు గురించిన సమాచారం ఏమీ లేదు. ఆస్పత్రి ఓపీలో ఇచ్చే టోకెన్ నంబరు లాంటిది అది. ఈరోజు మూడో నంబరు వచ్చిన మనిషికి రేపు పదో నంబరు రావచ్చు. అందుకే టోకెన్ చూసి మందులు ఇవ్వరు, చీటీలో ఉన్న పేరు చూసి ఇస్తారు.

మొదట్లో పరిస్థితి ఇలా లేదు. వెడల్పాటి రిబ్బన్ కేబుళ్లతో ఐడీఈ డిస్కులు వాడిన రోజుల్లో పేరు కేబుల్‌ని బట్టి వచ్చేది. మొదటి కేబుల్ మీద మాస్టర్‌గా పెట్టినది హెచ్‌డీఏ, దాని స్లేవ్ హెచ్‌డీబీ, రెండో కేబుల్ మీద మాస్టర్ హెచ్‌డీసీ. మధ్యలో ఒక డిస్కు పీకేసినా మిగతావాటి పేర్లు కదిలేవి కావు. 2007 ప్రాంతంలో ముఖ్యమైన లినక్స్ పంపిణీలు ఐడీఈ డిస్కులను కూడా కొత్త డ్రైవర్ల కిందికి తెచ్చాయి. హెచ్‌డీ పేర్లు పోయి అన్నీ ఎస్‌డీ అయ్యాయి. యూఎస్‌బీ డిస్కులు పెరిగేసరికి ఎప్పుడు ఏది తగులుతుందో, ఎప్పుడు ఏది ఊడుతుందో చెప్పలేని స్థితి వచ్చింది. పైగా కంప్యూటర్ త్వరగా లేవాలని కెర్నెల్ డిస్కులను ఒకదాని తర్వాత ఒకటి కాకుండా చాలావరకు ఒకేసారి వెతుకుతుంది. ఏ డిస్కు ముందు తిరగడం మొదలుపెడితే దానికి ముందు అక్షరం. పెట్టెలో ఒక్క కేబుల్ కూడా ముట్టుకోకపోయినా, నిన్నటి ఎస్‌డీబీ ఇవాళ ఎస్‌డీసీ కావడానికి ఇది చాలు. ఎన్‌వీఎంఈ డిస్కుల పేర్లలో అక్షరాలకు బదులు అంకెలు ఉంటాయి కానీ, ఒకటికి మించి ఉన్నప్పుడు ఆ అంకెలనూ నమ్మడానికి లేదు.

యూడెవ్ చేసే పని

ఈ చిక్కు విప్పడానికి వచ్చినది యూడెవ్. గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ దీన్ని 2003లో మొదలుపెట్టాడు. తర్వాత కే సీవర్స్ దాని అభివృద్ధిలో ముఖ్య పాత్ర వహించాడు. 2012లో అది సిస్టమ్‌డీలో భాగమైంది. దాని వెనకున్న ఆలోచన సూటిగా ఉంటుంది: కొత్త పరికరం కనబడితే కెర్నెల్ ఆ కబురు చెబితే చాలు. ఆ పరికరాన్ని ఏమని పిలవాలి, ఎవరికి వాడే అధికారం ఇవ్వాలి అన్నవి కెర్నెల్ బయట, మనం దిద్దుకోగల రూల్స్ ఫైళ్లలో ఉండాలి.

డిస్కుల విషయంలో యూడెవ్ కెర్నెల్ పెట్టిన పేరును మార్చదు. ఎస్‌డీబీ ఎస్‌డీబీగానే ఉంటుంది. దాని పక్కన అదనపు పేర్లను సింబాలిక్ లింకులుగా తయారుచేస్తుంది. డిస్కు తగిలినప్పుడల్లా దాన్ని చదివి, సీరియల్ నంబరు, లోపలి ఫైల్‌సిస్టమ్ గుర్తింపు, ఏ పోర్టులో ఉందో కనుక్కుని, ఆ లింకులను సరైన చోటికి తిప్పుతుంది. మనం లింకు పేరు వాడితే, అసలు పేరు ఈరోజు ఏదైనా మనకు పట్టింపు లేదు.

ఈ లింకులు 'డెవ్' కింద 'డిస్క్' అనే డైరెక్టరీలో ఉంటాయి. ఈ పద్ధతికి మూలం 2004లో సూసె సంస్థకు చెందిన హానెస్ రైనెకె రాసిన పథకమని, వాటిని తయారుచేసే రూల్స్ ఫైలు మొదటి వరుసల్లోనే రాసి ఉంటుంది. ఆ డైరెక్టరీలో ఉన్న దారులు మూడు రకాలు. పైన వేసుకున్న ప్రశ్నకు ఇవే మూడు జవాబులు.

వస్తువు, రాత, చోటు

మొదటిది 'బై-ఐడీ'. ఇది వస్తువుకు అంటుకునే పేరు. డిస్కు కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు కలిపి తయారవుతుంది. డిస్కును ఏ పోర్టులోకి మార్చినా, ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా ఇది మారదు. చాలా డిస్కులకు తయారీలోనే ఇచ్చే డబ్ల్యూడబ్ల్యూఎన్ అనే నంబరుతో కూడా ఒక లింకు ఇక్కడే ఉంటుంది. డిస్కు మొత్తాన్ని ఉద్దేశించి చేసే పనులకు ఇదే తగినది. ఫార్మాట్ చేయాలన్నా, రెయిడ్‌లో చేర్చాలన్నా, జడ్‌ఎఫ్‌ఎస్ పూల్‌లో పెట్టాలన్నా 'నాకు కావలసింది ఈ డబ్బాయే' అని చెప్పగలిగేది ఈ పేరే. డిస్కు పైన అంటించిన స్టిక్కర్ మీది నంబరుతో కంటితో పోల్చి చూసుకునే వీలు కూడా దీనికే ఉంది.

రెండోది 'బై-యూయూఐడీ', దాని తోడు 'బై-లేబుల్'. ఇవి డిస్కు లోపల రాసి ఉన్నదానికి అంటుకుంటాయి. యూయూఐడీ 128 బిట్ల సంఖ్య. 8-4-4-4-12 చొప్పున ఐదు గుంపులుగా 32 అక్షరాల్లో కనబడుతుంది. ఫైల్‌సిస్టమ్ తయారుచేసేటప్పుడు అది అందులో పడుతుంది. పెన్‌డ్రైవ్‌లలో ఉండే ఫ్యాట్ ఫార్మాట్‌కు మాత్రం ఎనిమిది అక్షరాల చిన్న నంబరే ఉంటుంది. డేటాను వెతుక్కుంటూ వెళ్లాల్సిన పనులకు, అంటే మౌంట్ చేయడానికి, ఇది సరైన ఎంపిక. దీనికి ఒక షరతు ఉంది. పార్టిషన్‌ని మళ్లీ ఫార్మాట్ చేస్తే యూయూఐడీ మారిపోతుంది. పార్టిషన్ పట్టికలో రాసి ఉండే 'పార్ట్‌యూయూఐడీ' మాత్రం ఫార్మాట్ చేసినా నిలుస్తుంది.

లేబుల్ అంటే మనం పెట్టుకునే మాట. చదవడానికి హాయిగా ఉంటుంది. తెలుగులో పెట్టుకోవాలనుకునేవాళ్లు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌లో లేబుల్‌కు ఉన్న చోటు 16 బైట్లు, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో 12. యూటీఎఫ్-8లో తెలుగు లిపిలోని ఒక్కొక్క గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. గుణింతపు గుర్తులు, పొల్లు కూడా విడిగా లెక్కలోకి వస్తాయి. 'ఫొటోలు' అనే మూడక్షరాల మాటకు ఆరు గుర్తులు, అంటే 18 బైట్లు. ఈఎక్స్‌టీ4లో పట్టదు. 'నకలు' 12 బైట్లే కాబట్టి రెండింటిలోనూ సరిపోతుంది. లేబుల్‌తో ఉన్న అసలు ప్రమాదం వేరే. 'బ్యాకప్', 'డేటా' లాంటి పేర్లు ఎవరైనా పెడతారు. పక్కవాళ్ల డిస్కు తెచ్చి తగిలిస్తే ఒకే పేరుతో రెండు డిస్కులు నిలబడతాయి. లేబుల్‌ని వాడేట్టయితే ఇంకెవరూ పెట్టని పేరు పెట్టాలి.

మూడోది 'బై-పాత్'. ఇది చోటుకు అంటుకుంటుంది. ఏ కంట్రోలర్, అందులో ఎన్నో పోర్టు అన్నదాన్ని బట్టి వస్తుంది. డిస్కు మారినా పేరు మారదు. రోజుకో డిస్కు పెట్టి తీసే స్లాట్‌కు, పాడైన డిస్కు తీసి అదే అరలో కొత్తది పెట్టే సర్వర్‌కు ఇది పనికొస్తుంది. 'ముందువైపు యూఎస్‌బీ పోర్టులో ఏది పెడితే దాన్ని చదువు' అనాల్సినప్పుడు కూడా ఇదే.

ఏ డిస్కుకు ఏ పేర్లు ఉన్నాయో చూడడానికి ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్‌ని 'ఎఫ్' ఆప్షన్‌తో నడిపితే చాలు. లేబుల్, యూయూఐడీ, మౌంట్ అయిన చోటు ఒకే పట్టికలో కనబడతాయి.

సొంత రూలు ఒకటి రాస్తే

చాలామందికి పైన చెప్పిన లింకులే చాలు. అయినా స్క్రిప్టులో పొడుగాటి సీరియల్ నంబరు రాసుకోవడం కష్టం, చదివేవాళ్లకు అర్థమూ కాదు. అలాంటప్పుడు 'స్టూడియో-నకలు' లాంటి సొంత లింకు పెట్టుకోవచ్చు. దాన్ని దగ్గరగా చూద్దాం. ఇక్కడ తెలుగులో రాసినా, కంప్యూటర్‌లో కీలకపదాలను ఇంగ్లీషు పెద్దబడి అక్షరాల్లోనే టైపు చెయ్యాలి.

పంపిణీతో వచ్చే రూల్స్ 'యూఎస్‌ఆర్' కింద లిబ్, యూడెవ్, రూల్స్.డీ అనే డైరెక్టరీలో ఉంటాయి. వాటిని ముట్టుకోకూడదు, అప్‌డేట్ రాగానే మన మార్పులు పోతాయి. మనవి 'ఈటీసీ' కింద యూడెవ్, రూల్స్.డీలో పెట్టాలి. రెండు చోట్లా ఒకే పేరుతో ఫైలు ఉంటే ఈటీసీలోనిదే చెల్లుతుంది. రెండు డైరెక్టరీల్లోని ఫైళ్లూ కలిపి, పేర్ల వరుసలో చదవబడతాయి. డిస్కు సీరియల్ నంబరు కనుక్కునే ఫైలు 60తో మొదలవుతుంది. దాన్ని వాడుకునే మన ఫైలు ఆ తర్వాత రావాలి కాబట్టి 99తో మొదలుపెడతాం.

ముందుగా యూడెవ్‌ఏడీఎం ఇన్ఫో కమాండ్‌తో ఆ డిస్కు వివరాలు తెప్పించుకుంటే, 'ఐడీ సీరియల్ షార్ట్' అనే వరుసలో సీరియల్ నంబరు దొరుకుతుంది. ఇక రూలులో మూడు ముక్కలే. మొదటి ముక్క: సబ్‌సిస్టమ్ 'బ్లాక్' అయి ఉండాలి. రెండో ముక్క: ఆ సీరియల్ నంబరు ఇదే అయి ఉండాలి. మూడో ముక్క: ఈ రెండూ నిజమైతే సిమ్‌లింక్‌లకు 'స్టూడియో-నకలు' చేర్చు. ముక్కల మధ్య కామాలు, అంతా ఒకే వరుసలో.

ఇంత చిన్న వరుసలోనూ రెండు చోట్ల కాలు జారుతుంది. పోల్చి చూడడానికి రెండు సమాన గుర్తులు రాయాలి. ఒక్కటే రాస్తే 'ఇదే అయితే' అన్న షరతు 'ఇది అని పెట్టు' అన్న ఆజ్ఞగా మారుతుంది. సీరియల్ నంబరు దగ్గర ఒక్క గుర్తు తప్పితే, ఏ డిస్కు తగిలినా ఆ నంబరే అంటగట్టి, అన్నిటికీ 'స్టూడియో-నకలు' అనే పేరు ఇచ్చేస్తుంది. సిమ్‌లింక్ దగ్గర మాత్రం కూడిక గుర్తు, సమాన గుర్తు కలిపి రాయాలి. అప్పుడే పాత లింకులు ఉండి మనది కొత్తగా చేరుతుంది.

రెండోది పార్టిషన్ల సంగతి. డిస్కుకున్న సీరియల్ నంబరే దాని పార్టిషన్లకూ వస్తుంది. పైన రాసిన రూలు డిస్కుకూ దాని పార్టిషన్లన్నిటికీ ఒకే పేరు ఇస్తుంది, ఆ లింకు వాటిలో దేన్ని చూపిస్తుందో చెప్పలేం. పేరు చివర పర్సెంట్ గుర్తు, చిన్నబడి 'ఎన్' చేర్చితే యూడెవ్ ఆ చోట పార్టిషన్ నంబరు వేస్తుంది. డిస్కుకు 'స్టూడియో-నకలు', పార్టిషన్‌కు 'స్టూడియో-నకలు1' అని విడివిడిగా వస్తాయి.

రాశాక యూడెవ్‌ఏడీఎం కంట్రోల్‌కు 'రీలోడ్' చెప్పి, ట్రిగ్గర్ నడపాలి. లేదా డిస్కును ఊడదీసి మళ్లీ పెట్టాలి. కొత్త రూలు చదివినంత మాత్రాన అప్పటికే తగిలి ఉన్న డిస్కులకు కొత్త పేర్లు రావు. అనుకున్న పేరు రాకపోతే యూడెవ్‌ఏడీఎం టెస్ట్ చూడాలి. ఏ ఫైలులోని ఏ వరుస ఏం చేసిందో అది చూపిస్తుంది.

ఒరాకిల్ డేటాబేసులు చూసే డీబీఏలకు ఈ రూల్స్‌తో రోజూ పరిచయమే. ఏఎస్‌ఎం డిస్కులకు పేరుతో పాటు ఓనర్, గ్రూప్, అనుమతులు కూడా రూలులోనే రాస్తారు. డెవ్ డైరెక్టరీ మెమరీలో ఉండేది, ప్రతి బూట్‌లోనూ కొత్తగా తయారవుతుంది. చేత్తో ఓనర్‌ని మారిస్తే అది రీబూట్ దాకానే.

రూలులోంచే డిస్కును మౌంట్ చేయించాలని చాలామందికి అనిపిస్తుంది. అది వద్దు. రూలులోంచి నడిపే ప్రోగ్రాములు క్షణాల్లో ముగిసే చిన్న పనుల కోసం ఉన్నవి. మౌంట్ చేయడం అక్కడ సరిగా జరగదు. పేరు పెట్టడం యూడెవ్ పని, మౌంట్ చేయడం ఎఫ్‌ఎస్‌ట్యాబ్ పని.

ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఏం రాయాలి

ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో ఈ ఫైలులో ఉంటుంది. మొదటి గడిలో ఎస్‌డీబీ1 అని ఉంటే ఇవాళే దిద్దాలి. దాని చోట యూయూఐడీ రాయాలి. అప్పుడప్పుడు మాత్రమే తగిలించే ఎక్స్‌టర్నల్ డిస్కు అయితే ఆప్షన్లలో 'నోఫెయిల్' చేర్చాలి. లేకపోతే బూట్ సమయంలో సిస్టమ్‌డీ ఆ డిస్కు కోసం మామూలుగా 90 సెకన్లు చూసి, రాకపోతే ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. ఊళ్లో లేనప్పుడు రీబూట్ అయిన సర్వర్ ఇలా ఆగితే దూరం నుంచి లాగిన్ కావడానికి కూడా ఉండదు. దిద్దిన తర్వాత ఫైండ్‌మౌంట్ కమాండ్‌ను 'వెరిఫై' ఆప్షన్‌తో నడిపితే అక్షర దోషాలు, లేని డిస్కులు రీబూట్‌కు ముందే బయటపడతాయి.

గుర్తింపు కూడా తప్పే సందర్భాలు

నిలకడైన పేర్లు వాడాం కదా అని నిశ్చింతగా ఉండకూడని చోట్లు కొన్ని ఉన్నాయి.

డిస్కును డీడీతో అచ్చంగా కాపీ చేస్తే యూయూఐడీ, లేబుల్ కూడా కాపీ అవుతాయి. రెండూ ఒకేసారి తగిలి ఉంటే లింకు వాటిలో ఒకదానికే వెళుతుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఇక్కడ జాగ్రత్త పడుతుంది, అదే యూయూఐడీ ఉన్న రెండోదాన్ని మౌంట్ చేయడానికి ఒప్పుకోదు. ఈఎక్స్‌టీ4కు ట్యూన్2ఎఫ్‌ఎస్‌తో, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు ఎక్స్‌ఎఫ్‌ఎస్ అడ్మిన్‌తో కొత్త యూయూఐడీ పెట్టాలి. కాపీ పూర్తయిన వెంటనే ఆ పని చేసేయడం మంచిది.

చవక రకం యూఎస్‌బీ ఎన్‌క్లోజర్లలో కొన్ని లోపలి డిస్కు సీరియల్ నంబరును బయటికి చెప్పకుండా తమ సొంత నంబరు చెబుతాయి. అన్ని పీసులకూ ఒకే నంబరు వేసి అమ్మినవీ ఉన్నాయి. అలాంటివి రెండు కొంటే బై-ఐడీ రెండింటినీ వేరు చేయలేదు. కొత్త ఎన్‌క్లోజర్ కొనగానే సీరియల్ నంబరు చూసి, డిస్కు స్టిక్కర్‌తో పోల్చుకోవాలి. కలవకపోతే యూయూఐడీనే ఆధారం.

వర్చువల్ మెషీన్లలో డిస్కుకు సీరియల్ నంబరు దానంతట అది రాకపోవచ్చు. కేవీఎంలో విర్టియో డిస్కుకు మనం నంబరు ఇస్తేనే బై-ఐడీ లింకు వస్తుంది. అమెజాన్ క్లౌడ్‌లో నైట్రో రకం మెషీన్లకు తగిలించిన ఈబీఎస్ డిస్కులు ఎన్‌వీఎంఈ పేర్లతో కనబడతాయి. తగిలించేటప్పుడు మనం ఎస్‌డీఎఫ్ అని చెప్పినా, లోపల అది ఇంకో పేరుతో ఉంటుంది, ఆ వరుసా రీబూట్‌కు మారవచ్చు. ఆ డిస్కు సీరియల్ నంబరులో వాల్యూమ్ ఐడీ ఉంటుంది. దాన్ని చూసి పోల్చుకోవాలి.

స్క్రిప్టుకూ కళ్లుండాలి

పేరు ఎంత నిలకడగా ఉన్నా, ఆ డిస్కు ఆ సమయానికి తగిలి ఉందన్న భరోసా పేరు ఇవ్వలేదు. అసలు డిస్కు కేబుల్ ఊడిపోయిందనుకోండి. మౌంట్ కావాల్సిన డైరెక్టరీ ఖాళీగా ఉంటుంది. 'మూలంలో లేనివి తుడిచేయి' అని చెప్పిన స్క్రిప్టు ఆ ఖాళీని మూలం అనుకుని నకలు మొత్తాన్ని ఖాళీ చేస్తుంది. నకలు డిస్కు ఊడితే, ఫొటోలన్నీ కంప్యూటర్ సొంత డిస్కులోకి చేరి అది నిండేదాకా ఎవరికీ తెలియదు.

అందుకే కాపీ మొదలయ్యే ముందు స్క్రిప్టు రెండు తనిఖీలు చేయాలి. మౌంట్‌పాయింట్ కమాండ్‌తో రెండు డైరెక్టరీల్లోనూ డిస్కులు నిజంగా ఉన్నాయో లేదో చూడాలి. ఆ పైన ఫైండ్‌మౌంట్ చెప్పే యూయూఐడీ మనం ముందే రాసిపెట్టుకున్నదేనా అని పోల్చాలి. రెండింటిలో ఏది తేడా వచ్చినా ఏమీ ముట్టుకోకుండా ఆగిపోవాలి. తుడిచే అధికారం ఉన్న ఏ స్క్రిప్టుకైనా ఇది తప్పనిసరి. చేత్తో డీడీ, ఎంకేఎఫ్‌ఎస్ కొట్టేటప్పుడు కూడా బై-ఐడీ పేరే ఇవ్వాలి. పొడుగ్గా ఉంటుంది, టైపు చేయడం విసుగు. కానీ అందులో కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు కంటికి కనబడతాయి. తప్పు డిస్కు అయితే ఎంటర్ నొక్కేలోపే తెలుస్తుంది.

మౌంట్ చేయడానికి యూయూఐడీ, డిస్కు మొత్తాన్ని ముట్టుకునే పనికి బై-ఐడీ, మార్చి మార్చి డిస్కులు పెట్టే స్లాట్‌కు బై-పాత్, తరచూ వాడేదానికి సొంత రూలు. ఈ నాలుగింటిలో మీ పనికి ఏది సరిపోతుందో తేల్చుకున్నాక, మీ స్క్రిప్టుల్లో, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఎస్‌డీ అక్షరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి మార్చండి. గంటలో అయిపోయే పని. డేటా పోయాక ఎన్ని గంటలు కూర్చున్నా అది తిరిగి వస్తుందన్న నమ్మకం లేదు.